ఆరు డబ్బాల్లో అక్క మాట

భివండి, వరాలా తలావ్
జూన్ 8

కనుకయ్య బావకు రామలింగం నమస్కరించి రాసేది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నువ్వు కవరును తిప్పి తిప్పి చూస్తావని తెలుసు. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. గైబీ నగర్ షెడ్డులో బట్ట నేసే సాంచాలు నడుస్తున్నాయి. సుందరలక్ష్మి మోకాళ్లు ఎప్పటిలాగే ఆమె మాట వినడం లేదు. మా పిల్ల నమ్రత అకౌంట్ల కోర్సులో చేరింది. దాని చదువు కోసం ఒక పాత కంప్యూటర్ కొన్నాం. ఈ ఉత్తరం ఆ కంప్యూటర్ గురించే.

నువ్వు నా అక్కను చేసుకున్న నాటి నుంచీ కోరుట్ల బస్టాండు వెనక రేడియోలూ టీవీలూ విప్పుతూనే ఉన్నావు, కాబట్టి ఇది నిన్నే అడగాలి. కంప్యూటర్‌కు హోమ్ థియేటర్ తగిలించవచ్చా? కొత్తది కొనే తాహతు ఇప్పుడు లేదు, బట్టకు గిరాకీ ఎట్లా ఉందో నీకు తెలుసు. మాన్కోలి గోడౌన్ల దగ్గర జనం వద్దని వాపసు పంపిన సామాను కుప్ప పోసి అమ్ముతారు. అందులో ఏదో ఒకటి దొరుకుతుంది. దానికి ఏ తీగ కావాలో, ఎక్కడ గుచ్చాలో నువ్వు రాస్తే చాలు.

ఎందుకని అడుగుతావు కదా. అక్క నాకు ఫోన్ చేసి రెండు నెలలు దాటింది. నేను చేస్తే ఎత్తడం లేదు. ఉగాది వెళ్లాక ఒకసారి వాట్సాప్‌లో తన గొంతుతో ఒక మాట పంపింది, అంతే. నా ఫోన్ స్పీకర్ పాడైంది బావా, ఎంత పెంచినా గొణుగుడు తప్ప మాట తెలియడం లేదు. అది అక్క నాకు పంపిన మాట, నేనే వినాలి. పిల్ల చేతికిచ్చి ఏముందో చెప్పమనడం నాకు ఇష్టం లేదు. బట్ట నమూనాల ఫొటోలు పెద్దగా చూడాలని సాకు చెప్పి నా వాట్సాప్‌ను కంప్యూటర్‌లో తెరిపించుకున్నాను. ఇక గట్టి సౌండు ఒక్కటే కావాలి.

జవాబు ఉత్తరంలోనే రాయి. ఫోన్‌లో చెబితే పిన్నులూ రంగులూ నాకు గుర్తుండవు. మీ ఇంట్లో పెద్ద ఫోన్ అక్కది, దానికి ఏం పంపినా ముందు ఆమే చూస్తుంది. మా ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరూ మరాఠీ బడిలో చదివినవాళ్లు. తెలుగు అక్షరం ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా వాళ్లకు తెలియదు, కాబట్టి ధైర్యంగా రాయి.

నేను అక్క పట్ల ఏం తప్పు చేశానో నీకు తెలిస్తే అదీ రాయి. దాని మాట లేక నాకు ఇల్లు ఇల్లులా లేదు.

రామలింగం


కోరుట్ల, దుకాణం నుంచి
జూన్ 19

బామ్మర్ది రామలింగానికి బావ దీవెనలు.

మా పోస్ట్‌మన్ నా పేరు మీద ఉత్తరం చూసి, కోర్టు నోటీసేమోనని సంతకం పెట్టించుకోబోయాడు. నీ చేతిరాత మాత్రం ఏడో తరగతిలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, చూసి సంతోషించాను.

ముందు నీ పని. కంప్యూటర్ వెనక చిన్న గుండ్రటి బొక్కలు మూడుంటాయి: ఆకుపచ్చ, గులాబి, నీలం. సౌండు బయటికి వచ్చేది ఆకుపచ్చలోంచి. గులాబిది మైకుకు. అందులో గుచ్చి సౌండు రాలేదని కంప్యూటర్‌ను తిట్టకు, అందరూ చేసే పనే అది. ఒకవైపు సన్న పిన్ను, రెండోవైపు ఎర్రదీ తెల్లదీ రెండు పిన్నులు ఉండే వైరు అడుగు. ఎర్రదీ తెల్లదీ తీసుకెళ్లి థియేటర్ పెద్ద డబ్బా వెనక ఆక్స్ అని ఉన్నచోట గుచ్చి, ముందున్న బటన్ నొక్కుతూ ఆక్స్ మీదికి తెచ్చుకో. అంతకన్నా బ్రహ్మవిద్య ఏమీ లేదు. డబ్బాలు పాతవైనా ఫర్వాలేదు గానీ వైరు మాత్రం గట్టిది కొను. పొట్టిదైతే ఇంకో ముక్క తెచ్చి తార్ జోడించుకో. తార్ జోడించడం నీకు నేను నేర్పాలా? నువ్వు పుట్టిందే ఆ పనిలో.

ఇక మీ అక్క సంగతి. ఆమె నీకు ఏం పంపిందో నాకు చెప్పలేదు. నీ పేరెత్తితే లేచి వంటింట్లోకి పోతోంది. ఒకసారి నేను వెనకే వెళ్లాను. ఉల్లిగడ్డలు లేకుండానే కళ్లు తుడుచుకుంటోంది. ఎందుకో నాకు కొంత తెలుసు, కానీ నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. మీ ఇద్దరి మధ్య పడి నలగడం నాకు పెళ్లినాటి నుంచి అలవాటే. నువ్వే విను. విన్నాక నాకు రాయి.

కనుకయ్య


భివండి
జూలై 6

బావకు,

మాన్కోలి వెళ్లి కొనుక్కొచ్చాను. చిన్న డబ్బాలు ఐదు, పెద్దది ఒకటి. రిమోట్ లేదు, అట్టపెట్టె లేదు, ఒక చిన్నదాని మూతికి బొక్క పడి ఉంది. సుందరలక్ష్మి చూసి, ఇంట్లో మనుషులకే చోటు లేదంటే ఇదెక్కడి సంత అంది. పెద్ద డబ్బాను మంచం కిందికి తోశాను. చిన్నవి దేవుడి అలమార మీద రెండు, కిటికీలో రెండు, టీవీ ముందు ఒకటి కూర్చున్నాయి.

అయినా సౌండు రాలేదు. పిన్నులన్నీ నువ్వు చెప్పిన రంగు ప్రకారమే గుచ్చాను. బటన్ ఆక్స్ మీదే ఉంది. మంచం కింద పెద్ద డబ్బా మాత్రం గుయ్యిమని ఒకటే మోగుతోంది, కాలు పెడితే నేల వణుకుతోంది. కిటికీ దగ్గరి కంప్యూటర్ నుంచి మంచం దాకా వైరు అందకపోతే నువ్వు రాసినట్టే తార్ జోడించాను. మధ్యకు తెంపి, పాత కాలింగ్ బెల్ తీగ తెచ్చి, రెండు కొసలకూ మన నేత ముడి వేసి, ఎంగిలి తడి చేసి బిగించాను. మిగిలిన తోకలు పంటితో కొరికేశాను. గట్టిగా గుంజి కూడా చూశాను, తెగలేదు. తప్పు నా ముడిలో లేదు, నీ చదువులోనే ఎక్కడో ఉంది.

వానలు మొదలయ్యాయి. షెడ్డు ముందు నీళ్లు నిలిచాయి. అక్కకు కీళ్ల నొప్పులు వానాకాలంలో ఎక్కువవుతాయి, చూసుకో. నేను చెప్పానని చెప్పకు.

రామలింగం


కోరుట్ల
జూలై 15

బామ్మర్దికి,

నీ ఉత్తరం దుకాణంలో చదివి నవ్వి నవ్వి, చేతిలోని స్క్రూ డ్రైవర్ కింద పడేసుకున్నాను. మిక్సీ బాగు చేయించుకోను వచ్చిన ఆమె నాకేదో అయిందనుకుంది.

ఓరి సాంచాలాయనా, అది నూలు కాదు! ప్లాస్టిక్ తొడుగు మీదే ముడి వేసి, ఎంగిలి పూసి, తోకలు కొరికితే కరెంటు ఎక్కడి నుంచి పారుతుంది? మీ దగ్గర తార్ అంటే పోగు, హాస్యానికి ఆ మాట రాస్తే నిజంగానే పోగులా ముడేస్తావని నాకు తట్టలేదు. నేను తీగ అని రాయాల్సింది. తప్పు సగం నాది. ఇప్పుడు విను. బ్లేడుతో పైతొడుగు ఒలువు. లోపల రాగి వెంట్రుకలు కనిపిస్తాయి. రాగికి రాగి ఆనేలా మెలిపెట్టి పైన టేపు చుట్టు. లోపలి సన్న తీగా, చుట్టూ అల్లిన తీగా ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే మళ్లీ గుయ్యే. ఇంత చెప్పినా నువ్వు మళ్లీ ముడే వేస్తావని నా అనుమానం. నీకు చెప్పడం చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫోన్ స్పీకర్ పాడైందన్నావు. పాడైతే మరి నీ పిల్ల దగ్గరి చిన్న ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంటే అయిపోయేదానికి ఆరు డబ్బాలు ఎందుకు? నాకేమీ దాచకు, రామలింగం.

కనుకయ్య


భివండి
ఆగస్టు 11

బావకు,

నీ శంఖం సామెత చదివి చాలా రోజులు ఉత్తరం రాయబుద్ధి కాలేదు. నీ తప్పేమీ లేదు. నీకు తెలియదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నాకు చెవులు వినిపించడం లేదు.

ఎప్పటి నుంచో కచ్చితంగా చెప్పలేను. నాలుగేళ్లు ఉండొచ్చు. మా షెడ్డులో సాంచాలు నడుస్తుంటే పక్కవాడి మాట ఎవరికీ వినిపించదు. అందరం చేతులతోనే, పెదవులు చూసుకుంటూ మాట్లాడుకుంటాం. పోగు తెగిందంటే ఒక సైగ, చాయ్‌కి వెళ్దామంటే ఒక సైగ. అందుకే నా చెవులు ఎప్పుడు పోయాయో షెడ్డులో ఎవరూ పట్టలేదు, నేనూ పట్టలేదు. ఇంట్లో ఎదురుగా ఉంటే పెదవులు చూసి సగం, ఊహించి సగం లాక్కొస్తున్నాను. ఫోన్‌లో పెదవులుండవు. ఎవరేమన్నా ఆ, ఆ అంటూ, గొంతు సంతోషంగా పెట్టి రెండు మంచి మాటలు అనేసి పెట్టేస్తున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టి చూశాను, గొణుగుడే. ఇంకా గట్టిగా ఉంటే వినిపిస్తుందేమోనని ఆరు డబ్బాలు కొన్నాను. చెవిటివాడినని చెప్పుకోవడానికి సిగ్గేసింది బావా. చెప్తే రేపటి నుంచి ఇంట్లో నాకు చెప్పకుండానే అన్నీ జరిగిపోతాయనుకున్నాను.

నువ్వు రాసినట్టు తొడుగు ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టాను. మొన్న శుక్రవారం సుందరలక్ష్మి, నమ్రత బజారుకు వెళ్లినప్పుడు ఆన్ చేశాను. సౌండు వచ్చింది. గుండె మీద కొట్టినట్టు వచ్చింది. సౌండు పెంచే గిర్రలన్నీ చివరిదాకా తిప్పాను. గుం, గుమ్మని అక్క గొంతు ఎత్తు పల్లాలు తెలుస్తున్నాయి, ఏడుస్తోందని కూడా తెలుస్తోంది, మాట మాత్రం ఒక్కటి చిక్కడం లేదు. అలమార మీద దేవుళ్లు వణుకుతున్నారు. మళ్లీ పెట్టాను. మళ్లీ పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో నాకే తెలియదు.

భివండిలో శుక్రవారం సాంచాలకు సెలవు, నేను ఇంట్లో ఉన్నదీ అందుకే, కానీ గల్లీలో మోత ఉండదని నాకు తట్టలేదు. ఇంకే రోజైనా పక్క షెడ్ల మోతలో కలిసిపోయేది. ఆ రోజు గల్లీ అంతా నిశ్శబ్దం. మా బిల్డింగులో సగం మంది మనవాళ్లే. నేను తలుపు తీసేసరికి మెట్ల మీద ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంటోంది. అక్క నాకు పంపిన మాట బిల్డింగు బిల్డింగంతా విన్నది, నేను తప్ప.

సుందరలక్ష్మి సంచి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వాళ్లు చెప్పింది విన్నది, నా ముఖం చూసింది. సంచి కింద పెట్టి, సైగలతో మొదలుపెట్టింది. పెళ్లైన కొత్తలో అది మా షెడ్డులో నూలు కండెలు చుట్టేది, ఆ సైగలన్నీ దానికి తెలుసు. కోరుట్ల వైపు చెయ్యి చూపింది. తన కడుపు మీద చెయ్యి పెట్టింది. చేత్తో అడ్డంగా కోసినట్టు చూపింది. తర్వాత నా చెవి ముట్టుకుంది, నా పెదవులు ముట్టుకుంది, వినకుండానే ఏదో అనేశావని. అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.

సాయంత్రం నమ్రత ఆ మాటంతా నెమ్మదిగా విని, మన మాటలనే మరాఠీ అక్షరాల్లో కాగితం మీద రాసి ఇచ్చింది. చదివాను. “తమ్మీ, కడుపుల గడ్డ ఉన్నదట, గర్భసంచి తీసెయ్యాల్నంటున్నరు, భయమైతుంది, ఒక్కసారి వచ్చి పో అని నీకు ఫోన్ల చెప్పిన. నువ్వు మంచిదే అక్కా, కానియ్యి, సంతోషం అన్నవు. ఇగ నేను నీకు ఫోన్ చెయ్య. నువ్వు సల్లగుండు.”

ఆ ఫోన్ నాకు గుర్తుంది. ఇంటి మీద రేకులు తీసి స్లాబు వేస్తామని అంటోందేమో అనుకున్నాను.

నమ్రతతో ఫోన్ చేయిస్తే అక్క ఎత్తలేదు, నీ ఫోన్ కలవలేదు. ఆపరేషన్ ఎప్పుడు బావా? అయిందా? దానికెట్లా ఉంది? ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయి. ఒట్టు సంగతి తర్వాత చూసుకుందాం.

రామలింగం


కోరుట్ల
ఆగస్టు 18

రామలింగానికి,

ముందుగా అసలు మాట. మీ అక్క బాగుంది. ఆపరేషన్ మే నెలలోనే కరీంనగర్‌లో అయింది. గడ్డ చెడ్డది కాదని పరీక్షలో తేలింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది, నన్ను తిడుతోంది. నువ్వు మొదటి ఉత్తరం రాసేనాటికే ఇంటికి వచ్చేసింది. చెప్పకుండా నిన్ను ఇన్ని రోజులు వేధించినందుకు నా మీద కోపం రావాలి నీకు, వస్తే తప్పులేదు.

ఒట్టు గట్టు మీద పెట్టి నీ ఉత్తరం ఆమె ముందు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మొదట నమ్మలేదు. మొన్న దసరాకు వచ్చినప్పుడు బాగానే మాట్లాడాడు కదా అంది. నువ్వు పెదవులు చూసే సంగతి మళ్లీ చదివాను. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. ఆ దసరాకు నువ్వు ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నావట. తమ్ముడికి నేనంటే ఎంత ప్రేమ అనుకుందట. చివరికి ఒక్కటే మాట అంది: “చెవులు పోతే పోయినయి, వానికి నోరు కూడ పోయిందా? చెప్పరాదు?” ఆ తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలల కోపం ఎటు పోవాలో తెలియక అట్లా పోయింది.

సామెత రాసినందుకు నన్ను క్షమించు. నా దుకాణంలో ఆ సామెత ఇక వినిపించదు.

ఇప్పుడు మెకానిక్‌గా చెబుతున్నాను, శ్రద్ధగా చదువు. నీకు తక్కువైంది గట్టిదనం కాదు, తేటదనం. నువ్వు రాసిన గుంగుమ్ములు చూస్తే, లావు శబ్దాలు నీకు బాగానే చేరుతున్నాయి. మాటను మాటగా విడదీసే సన్న శబ్దాలే పోయాయి, సకారాలు, తకారాలు, చకారాలు. మంచం కింది పెద్ద డబ్బా ఉన్న కాసిన్ని సన్న శబ్దాలనూ మింగేస్తోంది. అందుకే ఇట్లా చెయ్యి. పెద్ద డబ్బా మీద బాస్ అని ఉన్న గిర్ర పూర్తిగా తగ్గించు, ట్రెబుల్ పెంచు. వెనక ఆక్స్ పక్కన ఇంకో ఆరు బొక్కలుంటే, వాటిలో సెంటర్ అని ఉన్నదానిలో ఒక్క పిన్ను గుచ్చు, రెండోది వదిలెయ్. బటన్ కూడా ఆ ఆరింటి మీదికి మార్చుకో. టీవీ ముందున్న చిన్న డబ్బా ఒక్కటే పలుకుతుంది. దాన్ని తెచ్చి నీ ముఖానికి ఎదురుగా, కంప్యూటర్ పక్కన పెట్టుకో. మిగతావి నోరు మూసుకుని కూర్చుంటాయి. సౌండు సగానికి మించి పెట్టకు. ఇది చెవికి మందు కాదు, సాయం మాత్రమే. మందు కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, సుందరలక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్లు. ఒక్కడివే వెళితే డాక్టర్ చెప్పినదానికి కూడా ఆ, ఆ అంటావు.

ఈ నెల చివరి ఆదివారం పొద్దున మీ అక్కను దుకాణానికి తీసుకొచ్చి, దీపం ఎదురుగా కూర్చోబెట్టి వీడియో కలుపుతాను. పెదవులు బాగా కనిపించాలి కదా. నీ కంప్యూటర్‌కు కెమెరా ఉందా? నమ్రతను అడుగు, వాళ్ల క్లాసులకు ఉండే ఉంటుంది.

కనుకయ్య


భివండి
సెప్టెంబర్ 2

బావకు రామలింగం నమస్కారాలు.

నువ్వు మీ దుకాణంలో ఉండి అటు వైపు చూశావు. ఇటు వైపు ఏం జరిగిందో నీకు తెలియాలని రాస్తున్నాను. దీన్ని అక్కకు చదివి వినిపించు.

డాక్టర్ దగ్గరికి వెళ్లాను. సుందరలక్ష్మి పక్కనే కూర్చుంది. పోయింది తిరిగి రాదనీ, చెవికి మిషన్ పెట్టుకుంటే ఉన్నది పనికొస్తుందనీ చెప్పాడు. సరేనన్నాను. షెడ్డులో చెవుల్లో దూది పెట్టుకోమన్నాడు, ఇప్పుడు నేనూ, నాతో పనిచేసేవాళ్లూ పెట్టుకుంటున్నాం. ఇంట్లో నేను భయపడినట్టు ఏమీ జరగలేదు. చెప్పకుండా జరిగిపోవడం మాట అటుంచు, ఇప్పుడు తల్లీకూతుళ్లు ప్రతిదానికీ నా ముందుకొచ్చి ముఖం చూపించి మరీ చెబుతున్నారు. కూరలో కొత్తిమీర దాకా నాకు తెలియకుండా జరగడం లేదు. వచ్చే శుక్రవారం బస్సుకు మేం ముగ్గురం కోరుట్ల వస్తున్నాం.

ఆదివారం సంగతి. చిన్న డబ్బాను నువ్వు చెప్పినట్టే కంప్యూటర్ పక్కన పెట్టాను. మంచం కిందిది పడుకుంది. వెనక సుందరలక్ష్మి, నమ్రత నిలబడ్డారు, నాకు అందని మాట అందించడానికి. తెర మీద అక్క వచ్చింది. చిక్కిపోయింది బావా. నువ్వు అది రాయలేదు. నాకు ఏడుపొచ్చింది, దానికీ వచ్చింది. సౌండు పని చేస్తోందా అని నువ్వు పక్కనుంచి అరుస్తున్నావు, అది మాత్రం నాకు బాగా వినిపించింది.

తర్వాత అక్క ‘తమ్మీ’ అంది. ఆ మాట ఏ కొసా తెగకుండా నా చెవిలోకి వచ్చింది. నాలుగేళ్లుగా దాని గొంతు నాకు గొణుగుడే. క్షమించమని అడిగాను. అదేదో అంది, సగం అందింది, మిగతాది పెదవుల మీద చదువుకున్నాను. ఆపరేషన్ గురించి చెప్పింది. కొంత పోయింది, కొంత చిక్కింది. అంతా చిక్కినట్టు నీకు అబద్ధం రాయను.

అప్పుడే నువ్వేదో పిలిస్తే అక్క పక్కకు తిరిగి, ఇటు చూడకుండానే నన్నొకటి అడిగింది. నాకు ఒక్క ముక్క అందలేదు. ముఖం సంతోషంగా పెట్టుకున్నాను, తల ఊపబోయాను, ఆ, ఆ అన్నది నాలుక చివరికి వచ్చేసింది. నమ్రత చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

“వినపడలేదక్కా, మళ్లొకసారి చెప్పు” అన్నాను.

అక్క ఇటు తిరిగింది. ముఖం ఫోన్ దగ్గరికి తెచ్చి మళ్లీ చెప్పింది. అప్పుడూ అందలేదు. సిగ్గుపడకుండా మళ్లీ అడిగాను. ఈసారి ఒక్కొక్క అక్షరం విడదీసి, చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టేటప్పటిలా నిమ్మళంగా చెప్పింది.

“తిన్నవార?”

ఇంకా లేదన్నాను. పొద్దెక్కేదాకా తినకుండా కూర్చుంటే ఒంట్లో ఏముంటుందని అక్క తిట్టడం మొదలుపెట్టింది. చాలాసేపు తిట్టింది. అందులో ఒక్క మాట కూడా నేను పోనివ్వలేదు బావా.

రామలింగం